చేతులు దొరికాక పడిన దెబ్బలు

ప్రశ్న: మాది వారాసిగూడలో చిన్న అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. పోయిన వారం రాత్రి తొమ్మిదిన్నరకి మా సందు మొదట్లో, కిరాణా కొట్టు దగ్గర పోలీసులు ఒక అబ్బాయిని పట్టుకున్నారు. సెల్‌ఫోన్లు లాక్కుపోయే కేసట. అరుపులు విని బాల్కనీలోకి వెళ్లి ఫోన్‌లో తీశాను. 1 నిమిషం 52 సెకన్లు వచ్చింది. మొదట ఆ అబ్బాయి కానిస్టేబుల్‌ని గట్టిగా తోసి పరుగెత్తాడు. కానిస్టేబుల్ కింద పడ్డాడు. ఇంకో ఇద్దరు వెంటపడి అతన్ని పట్టుకుని బోర్లా పడేశారు. చేతులు వెనక్కి పెట్టి గట్టిగా పట్టుకున్నాక లాఠీతో కొట్టడం మొదలుపెట్టారు. తర్వాత ఇంట్లో కూర్చుని చూస్తే 11 దెబ్బలు లెక్కకొచ్చాయి.

మర్నాటికి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో తీసిన రెండు ముక్కలు తిరిగాయి. ఒకదాంట్లో తోయడం మాత్రమే ఉంది, ఇంకోదాంట్లో కొట్టడం మాత్రమే. దాంతో అందరూ రెండు పార్టీలయ్యారు. "దొంగకి హారతి పట్టమంటారా" అని ఒకరు, "రేపు మీ పిల్లాడైతే?" అని ఇంకొకరు. ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్లిపోయారు. నా దగ్గర మొత్తం ఉందని నేను అక్కడ చెప్పలేదు.

మా వారి అన్నయ్య హెడ్ కానిస్టేబుల్, వేరే స్టేషన్‌లో. ఆదివారం భోజనాల దగ్గర ఈ మాట వచ్చింది. "పట్టుకున్నాక అన్ని దెబ్బలు ఎందుకు బావగారూ" అన్నాను. సగం అన్నంలో లేచిపోయారు. "దిశ ఎన్‌కౌంటర్ అప్పుడు మీరందరూ చప్పట్లు కొట్టారు కదమ్మా, ఇప్పుడేమైంది?" అన్నారు చెప్పులు వేసుకుంటూ. నిజమే. అప్పుడు నేనూ స్టేటస్ పెట్టుకున్నాను.

ఇంకో సంగతి. ఆ అబ్బాయి మా సెల్లార్‌లో ఇస్త్రీ చేసే ఆవిడ కొడుకు. నిన్న బట్టలు ఇవ్వడానికి వచ్చి, "అమ్మా, నువ్వు వీడియో తీసినవంట గదా, జర మా లాయర్ సాబ్‌కి ఇస్తవా" అని అడిగింది. మా వారు డిలీట్ చేసెయ్యమంటున్నారు. పోలీసులకి కొట్టే హక్కు ఉందా లేదా? వీడియో ఇవ్వాలా వద్దా? బావగారితో ఎలా మాట్లాడాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— పేరు రాయొద్దు, వారాసిగూడ

సమాధానం:

డిలీట్ చేయకండి. మిగతావన్నీ నిదానంగా మాట్లాడుకుందాం గానీ, ఈ ఒక్కటి ముందు వినండి.

నేను నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో చాలా ఏళ్లు ముద్దాయిల తరఫున నిలబడిన మనిషిని. "ఆవిడ అలాగే చెబుతుంది లెండి" అని మీ బావగారు అనొచ్చు. మా చిన్నాన్న కూడా పోలీసే. పండగ పూట ఆయన విస్తరి ఖాళీగా ఉండటం చూస్తూ పెరిగాను. కాబట్టి రెండు వైపుల ఉప్పూ తిన్నదాన్నే.

మీ గ్రూపులో అందరూ పోలీసులు కొట్టొచ్చా, కొట్టకూడదా అని కొట్టుకుంటున్నారు. అలా అడిగితే తెల్లారినా తేలదు. చట్టం అడిగేది వేరు: ఏ నిమిషంలో, దేని కోసం? 2024 జులై 1 నుంచి మనకి అమల్లో ఉన్నది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. అందులో 43వ సెక్షన్ ప్రకారం, అరెస్టుని బలంగా ఎదిరించినా, తప్పించుకోబోయినా, అరెస్టు చేయడానికి అవసరమైన మార్గాలన్నీ పోలీసులు వాడొచ్చు. మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరం ఆరోపణ లేని మనిషి ప్రాణం తీసే హక్కు మాత్రం ఇవ్వడం లేదని అదే సెక్షన్ చెబుతుంది. రెండు సెక్షన్లు దాటితే 46 వస్తుంది. ఒకే ఒక్క వాక్యం. అరెస్టయిన మనిషిని పారిపోకుండా ఆపడానికి ఎంత అవసరమో అంతకు మించి నిర్బంధించకూడదు. ఇది కొత్తగా పుట్టిన దయ కాదు. 1973 చట్టంలో ఉంది, తెల్లవాళ్లు రాసిన 1898 చట్టంలోనూ ఉంది. సెక్షన్ నంబర్లు మారాయి గానీ మాట మారలేదు.

ఇప్పుడు మీ 1 నిమిషం 52 సెకన్లు మళ్లీ చూడండి. అబ్బాయి తోశాడు, పరుగెత్తాడు. వెంటపడి పట్టుకోవడం, కింద పడేయడం, చేతులు విరిచి పట్టుకోవడం పోలీసుల పనే. ఆ పెనుగులాటలో అతని పెదవి చిట్లినా, మోకాలు కొట్టుకుపోయినా నేను తప్పు పట్టను. రోడ్డు మీద పరుగెత్తే మనిషిని బొట్టు పెట్టి పిలిచి అరెస్టు చేయలేరు. చేతులు దొరికాక ఆ లెక్క మూసుకుపోయింది. ఆ తర్వాత పడిన 11 దెబ్బలు పట్టుకోవడానికి కొట్టినవి కావు, శిక్షగా కొట్టినవి. శిక్ష వేసే పని వేరేవాళ్లది.

"మరి కానిస్టేబుల్‌ని తోసినందుకో?" అని మీ గ్రూపులో ఎవరో అడిగే ఉంటారు. దానికీ సెక్షన్ ఉంది. డ్యూటీలో ఉన్న ప్రభుత్వోద్యోగి మీద చెయ్యి చేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 132 కింద 2 ఏళ్ల దాకా జైలు. ఫోన్ లాక్కుపోవడానికి కొత్త చట్టంలో విడిగా 304 పెట్టారు, 3 ఏళ్ల దాకా. ఈ రెండిట్లో ఎక్కడా లాఠీ లేదు.

పోలీసులకు ఇంకో నష్టం ఉంది. దాని గురించి వాళ్లు బయట మాట్లాడరు, మాలాంటి లాయర్లం కోర్టులో మాట్లాడతాం. ముద్దాయి ఒంటి మీద కమిలిన చారలు ఉన్నాయంటే మా పని సులువవుతుంది. చొక్కా పైకెత్తి మేజిస్ట్రేటుకి చూపిస్తాం. "ఒప్పుకున్నాడు" అని పోలీసులు రాసుకున్న కాగితం కోర్టులో ఎలాగూ చెల్లదు. దెబ్బలు ఉంటే మిగతా కేసు మీద కూడా అనుమానం పడుతుంది. నిజంగానే ఫోన్లు కొట్టేసిన వాళ్లకి నేను ఇలా బెయిళ్లు తెచ్చాను. అందుకు సిగ్గుపడను, మురిసిపోనూ లేదు. మీ బావగారు ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటివి చూసే ఉంటారు.

ఇక ఆయన అడిగిన ప్రశ్న. అది మిమ్మల్నే కాదు, నన్నూ తాకింది.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలికి జరిగిన ఘోరం ఈ ఊరు మర్చిపోలేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తెల్లారేసరికి అక్కడికి చేరిన జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాకాయలు కాల్చారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లడ్డూలు పంచాడు. నేను తీసుకున్నాను. తిన్నాను కూడా. అంతకాలం కోర్టుల్లో నల్లకోటు వేసుకుని తిరిగిన దాన్ని, ఆ పూట ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తర్వాత సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ వేసింది. 2022 మేలో నివేదిక బయటికి వచ్చింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయిన వాళ్లలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలని కమిషన్ చెప్పింది. విషయం హైకోర్టుకి వెళ్లింది. పూలు చల్లిన వాళ్లలో ఎంతమంది ఆ నివేదిక వార్త చదివారో గానీ, నేను చదివిన రోజు ఆ లడ్డూ గుర్తొచ్చింది.

కాబట్టి మీ బావగారి మాటలో నిజం ఉంది. పట్టుకున్నవాడిని అక్కడే తేల్చెయ్యమని అడిగింది మనం. తేలిస్తే చప్పట్లు కొట్టిందీ మనమే. కానీ ఆ నిజం ఆయన వాదనకి పనికిరాదు. అప్పుడు మీరు చప్పట్లు కొట్టారు కాబట్టి ఇప్పుడు నోరు మూసుకోవాలంటే, ఒక్కసారి తప్పు చేసిన మనిషి జన్మంతా అదే తప్పు చేయాలనడమే. "అప్పుడు నేను చేసింది తప్పు బావగారూ" అని ఒప్పుకోండి. ఆ మాట మీకు కష్టంగానే ఉంటుంది, కానీ అక్కడితో ఆయన చేతిలో ఉన్న కర్ర కింద పెట్టక తప్పదు.

మీ పేటలో డెబ్బై దాటిన వాళ్లని ఎవరినైనా అడగండి, 1978లో మీ పక్కనే నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఏం జరిగిందని. ఒక ఆడమనిషిని స్టేషన్‌లో చెరిచారు. రిక్షా తొక్కే ఆమె భర్త పోలీసు దెబ్బలకి చనిపోయాడు. ఆమె పేరు ఆ తరం వాళ్లందరికీ తెలుసు, నేను ఇక్కడ రాయను. జనం స్టేషన్ మీదికి వెళ్లారు. కాల్పులు, కర్ఫ్యూ, చావులు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది. కేసు మాత్రం కర్ణాటకలోని కోర్టుకి బదిలీ అయి, అక్కడ ఆ పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పుడు రాళ్లు వేసిందీ, 2019లో పూలు వేసిందీ ఈ ఊరి జనమే. మన కోపం ఎటు తిరిగితే న్యాయం అటు ఉందనుకుంటాం. మీ గ్రూపులో రెండు పార్టీలదీ అదే రోగం. ఒకరు మొదటి ముక్క చూసి తీర్పు చెప్పారు, రెండో వాళ్లు రెండో ముక్క చూసి.

"దొంగ అని తెలిసినవాడేగా" అంటారా? తెలిసిందని ఎవరు చెప్పారు? 2023లో మెదక్ పోలీసులు గొలుసు దొంగతనం కేసులో ఒక కూలీని హైదరాబాద్ నుంచి తీసుకుపోయారు. సీసీ కెమెరాలో కనిపించిన మనిషి పోలికలు ఉన్నాయని. తర్వాత వదిలేశారు. తనను ఎలా కొట్టారో ఆస్పత్రి మంచం మీద నుంచి అతనే చెప్పాడు. మీ ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న గాంధీ ఆస్పత్రిలోనే ప్రాణం పోయింది. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. మీ ఇస్త్రీ ఆవిడ కొడుకు ఫోన్లు లాక్కున్నాడో లేదో నాకు తెలీదు, మీకూ తెలీదు. లాక్కుని ఉండొచ్చు కూడా. ఆ 11 దెబ్బలు వేసిన చేతికి కూడా ఆ రాత్రికి అది తేలలేదు.

వీడియో సంగతికి వద్దాం. మీ వారి భయం నాకు అర్థమవుతుంది. అన్నయ్య అదే డిపార్ట్‌మెంట్, రేపు ఎవరైనా ఇంటికి వస్తారేమోనని. కానీ మీ బాల్కనీలో నిలబడి రోడ్డు మీద జరిగేది తీయడం నేరం కాదు. మీరు కిందికి దిగి పోలీసుల పనికి అడ్డం పడలేదు. అన్నట్టు, పోలీసులు సోదా చేసినా, వస్తువులు స్వాధీనం చేసుకున్నా వాళ్లే వీడియో తీయాలని కొత్త చట్టం 105వ సెక్షన్ చెబుతోంది, మొబైల్‌తో తీస్తే మరీ మంచిదంటోంది. ఫోన్ కెమెరా అంటే చట్టానికి లేని భయం మీకెందుకు? ఎవరైనా వచ్చి ఫోన్ ఇవ్వమంటే, నోటీసు రాసి ఇమ్మనండి. తీసుకుంటే తీసుకున్నట్టు కాగితం ఇమ్మనండి. గొంతు పెంచకుండా అడిగితే చాలు.

ఇవ్వండి. ఆవిడ చేతికి కాదు, ఆ లాయర్‌కి నేరుగా. వాట్సాప్‌లో పంపితే ఫైలు సైజు తగ్గిపోతుంది, తీసిన టైము లాంటి వివరాలు పోతాయి. అందుకని ఫోన్‌లోంచి పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా కాపీ చేసి ఇవ్వండి. ముందూ వెనకా ఒక్క సెకను కత్తిరించకండి. పాట పెట్టకండి, ఎర్ర గుండ్రం గీయకండి. అసలు ఫైలు మీ ఫోన్‌లోనే ఉండాలి. ఆ ఫోన్ పాతబడిందని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి, కేసు తేలేదాకా. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఒక సర్టిఫికెట్ కావాలి. ఫోన్ మీది కాబట్టి సంతకం మీరు చేయాల్సి వస్తుంది. లాయర్ నమూనా తెస్తారు. చదివి చేయండి. ఒకరోజు సాక్షిగా పిలుపు రావచ్చనే సంగతి కూడా ఇప్పుడే మనసులో పెట్టుకోండి, తర్వాత ఉలిక్కిపడొద్దు.

గ్రూపులో మాత్రం పెట్టకండి, ఇంకెక్కడా పెట్టకండి. అందులో ఆ అబ్బాయి మొహం ఉంది, కానిస్టేబుల్ మొహమూ ఉంది. ఇద్దరికీ ఇళ్లున్నాయి, బడికెళ్లే పిల్లలుంటారు. పెట్టాక ఎవరు ఎక్కడ కత్తిరించి ఏ పాట తగిలిస్తారో మీ చేతిలో ఉండదు. ఎవరైనా అడిగితే, "నా దగ్గర మొత్తం ఉంది, ఇవ్వాల్సిన చోట ఇచ్చాను" అని ఊరుకోండి.

ఆ తల్లికి లేని ఆశ మాత్రం పెట్టకండి. వీడియో వల్ల దొంగతనం కేసు కొట్టుకుపోదు. ఆమె కొడుకు కానిస్టేబుల్‌ని తోసింది కూడా అందులోనే ఉంది. ఆ మాట ముందే చెప్పి, "అయినా ఇవ్వమంటావా?" అని అడగండి. తర్వాత రెండు సంగతులు కనుక్కోండి. అరెస్టు సంగతి ఇంటికి చెప్పారా, అరెస్టు కాగితం మీద ఎవరితోనైనా సంతకం పెట్టించారా? డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పిన నియమాలవి, ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. రెండోది, డాక్టర్ పరీక్ష. అరెస్టయిన మనిషిని డాక్టర్‌కి చూపించాలి, ఒంటి మీద గాయాలుంటే రాయాలి. జైల్లోకి తీసుకునేటప్పుడు కూడా గాయాలు రాసుకుంటారు. ఆ రెండు కాగితాల్లో ఏముందో, ఏది లేదో లాయర్ చూడాలి. మేజిస్ట్రేటు ముందు అబ్బాయి నోరు విప్పాడా అన్నదీ ముఖ్యమే. చాలామంది విప్పరు, మళ్లీ అదే స్టేషన్ వాళ్ల చేతికే వెళ్తామని భయం. ఇంకో మాట. 2020లో పరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో సీసీ కెమెరాలు పెట్టాలని, రికార్డింగు 18 నెలలు, అది వీలుకాని చోట కనీసం ఏడాది దాచాలని చెప్పింది. స్టేషన్‌కి తీసుకెళ్లాక ఏం జరిగిందో దాంట్లో ఉండాలి. అడగాల్సింది లాయర్. ఫీజు కట్టలేని పరిస్థితి అయితే 15100కి ఫోన్ చేయమనండి, న్యాయసేవా సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయం లెక్క కూడా చూడరు. మానవ హక్కుల కమిషన్‌కి వెళ్లాలనుకుంటే ఏడాది లోపు వెళ్లాలి.

బావగారు. ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే దీనికి సెక్షన్ లేదు.

ఆయన దగ్గరికి వెళ్లినప్పుడు వీడియో మాటతో మొదలుపెట్టకండి. ఆయన డ్యూటీ గురించి అడగండి. నిజంగా తెలుసుకోవాలనే అడగండి, ముగ్గులోకి దించడానికి కాదు. 2024 అక్టోబరులో బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు, మా మగవాళ్లు ఇంటికి రావడం లేదని. వాళ్లని అదుపు చేయడానికి వచ్చిందీ పోలీసులే. ఆ తర్వాత కొందరు కానిస్టేబుళ్లు సస్పెండ్ అయ్యారు, కొందరి ఉద్యోగాలే పోయాయి. మీ బావగారు లోలోపల ఇలాంటివి చాలా మింగి ఉంటారు. నిద్ర లేక, పైనుంచి "ఎన్ని కేసులు తేల్చావ్" అనే తిట్లు తిని, అప్పుడే తోటివాడు కింద పడటం చూసిన మనిషి చేతిలో లాఠీ ఉంటే ఏమవుతుందో ఆయనకే బాగా తెలుసు. అలాగని ఆ దెబ్బలు ఒప్పయిపోవు. కాకపోతే అవి ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థం కావాలంటే ఆయన చెప్పేది వినాలి. భోజనాల దగ్గర మీ ప్రశ్న ఆయనకి "నువ్వూ ఇంతే కదా" అన్నట్టు వినపడింది. మీరు అలా అనలేదు. ఆయన విన్నది మాత్రం అదే.

తర్వాత వీడియో ఇచ్చిన సంగతి మీ నోటితోనే చెప్పండి. ఇంకొకరి నోట వింటే ఆ గాయం మానదు. "ఇచ్చాను బావగారూ. మొత్తం ఇచ్చాను. మీవాణ్ణి తోసింది కూడా అందులో ఉంది. రేపు ఆ పోలీసులు ఊరికే కొట్టారని ఎవరైనా అంటే, వాళ్లకీ అదే సాక్ష్యం" అనండి. అరవొచ్చు. కొన్నాళ్లు మాట్లాడకపోవచ్చు. మీ తోటికోడలికి మాత్రం రోజూ ఫోన్ చేస్తూ ఉండండి. మా చిన్నాన్న కూడా మా నాన్నతో ఆరు నెలలు మాట్లాడలేదు ఒకసారి, ఇలాంటి దాని మీదే. చివరికి సంక్రాంతికి అరిసెలు పట్టుకుని ఆయనే వచ్చాడు. ఏమీ జరగనట్టు కూర్చుని కాఫీ అడిగాడు.

ఇవాళ సాయంత్రం మాత్రం ఒక పని మర్చిపోకండి. మీ సందు మొదట్లో కిరాణా కొట్టుకి కెమెరా ఉందేమో చూడండి. ఉంటే అది కొన్ని రోజులకి పాత రికార్డింగు తుడిచేసుకుంటుంది. ఇప్పటికే వారం అయిందంటున్నారు. కొట్టు ఆయన్ని మీరు వెళ్లి అడగొద్దు, ఆయనా భయపడతాడు. లాయర్‌తో ఒక లెటర్ పెట్టించమని ఆవిడకి చెప్పండి, పైకి బట్టలు ఇవ్వడానికి వచ్చేదాకా ఆగకుండా మీరే సెల్లార్‌లోకి దిగి.